జట్టుతో కలిసి పనిచేసేవారిని ఇంటర్వ్యూలో గుర్తుపట్టడం ఎలా?

చుక్కాని

మా విభాగంలో ఒక ఖాళీ ఉంది. యంత్రభాగాల డిజైన్ పని. ఒకరు గీసిన డ్రాయింగు మీద మరొకరి లెక్కలు ఆధారపడతాయి. ఇంతకుముందు ఆ స్థానంలో ఉన్న వ్యక్తి మంచి పనిమంతుడు, అందులో అనుమానం లేదు. కానీ ఒక కొలత మార్చితే పక్కవారికి చెప్పేవాడు కాదు. భాగాలు తయారై వచ్చి, బిగించబోతే రంధ్రాలు కలవనప్పుడే విషయం బయటపడేది. అడిగితే "ఫైలులో మార్చాను కదా, మీరే చూసుకోవాల్సింది" అనేవాడు. ఆయన వెళ్లిపోయాక పని భారం పెరిగింది, అయినా అందరి ముఖాల్లోనూ ఒక తేలిక కనిపిస్తోంది. అది చూస్తే నాకు బాధగా ఉంది. ఇంతకాలం వీళ్లు ఎంత ఓర్చుకున్నారో కదా అనిపిస్తోంది.

ఇప్పుడు కొత్తవారిని తీసుకోవాలి. "జట్టుతో కలిసి పనిచేయగలరా?" అని అడిగితే కాదన్నవారిని నేనింతవరకూ చూడలేదు. కమిటీలో మిగతా ఇద్దరూ "మనిషి కలుపుగోలుగా ఉన్నాడా లేదా చూస్తే చాలు" అంటున్నారు. నాకు అది చాలదనిపిస్తోంది. నియామకాలు చేసిన అనుభవం ఉన్నవారు ఏం అడుగుతారో, జవాబులో ఏం వెతుకుతారో చెప్పండి.

రాతిమెట్టు

చాలాకాలంగా నియామకాల పనిలోనే ఉన్నాను. మీ అనుమానం సరైనదే. కలుపుగోలుగా మాట్లాడటం వేరు, కలిసి పనిచేయడం వేరు. మీరు చెప్పిన పాత ఉద్యోగి కూడా ఇంటర్వ్యూలో బాగానే మాట్లాడి ఉంటారు.

ముందు పద్ధతి గురించి ఒక మాట. అభ్యర్థులందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగండి. ప్రతి జవాబుకూ మార్కులు అక్కడికక్కడే వేయండి. కమిటీ సభ్యులు ఒకరితో ఒకరు చర్చించుకునే ముందే ఎవరి మార్కులు వాళ్లు రాసేయాలి. ఇది ఛాదస్తం కాదు. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ఉద్యోగంలో తర్వాత కనబరిచే పనితీరుతో ఇలాంటి క్రమబద్ధమైన ఇంటర్వ్యూకు 0.51 సంబంధం (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం) ఉందని, నోటికొచ్చినట్టు సాగే ఇంటర్వ్యూకు 0.38 మాత్రమేనని తేల్చారు. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం ఆ లెక్కలను మళ్లీ సరిచూసింది. అంకెలు తగ్గాయి, తేడా మాత్రం ఇంకా పెరిగింది. మొదటిది 0.42, రెండోది 0.19. ఉద్యోగులను ఎంపిక చేసే సాధనాలన్నిటిలోనూ ఇప్పుడు ముందున్నది క్రమబద్ధమైన ఇంటర్వ్యూయే.

ఇక ప్రశ్నలు. అభిప్రాయం అడగవద్దు, జరిగిన సంఘటన అడగండి. నేను తప్పకుండా అడిగేది ఇది: "మీకు ఇష్టం లేని నిర్ణయాన్ని మీ జట్టు తీసుకున్న సందర్భం ఒకటి చెప్పండి. ఆ మరుసటి రోజు మీరు ఏం చేశారు?" నాకు కావలసింది ఆ మరుసటి రోజే. వాదించడం చాలామంది చేస్తారు. ఓడిపోయిన వాదన తర్వాత, ఎదుటివారి పద్ధతిని నిజాయితీగా పనిలో పెట్టారా, లేక చేతులు ముడుచుకుని అది విఫలమయ్యేదాకా చూశారా అన్నది అక్కడే తెలుస్తుంది.

రెండోది: "మీ పని ఆలస్యమవుతోందని మీకు ఎప్పుడు తెలిసింది, ఇతరులకు ఎప్పుడు చెప్పారు?" ఈ రెండు తేదీల మధ్య దూరం ఎంతో గమనించండి. చుక్కాని గారూ, మీ అవసరానికి ఇదే ముఖ్యమైన ప్రశ్న.

జవాబులో మరో సంగతి చూస్తాను. పక్కవారి పని ఈ మనిషికి ఎంత తెలుసు? "వాళ్లు సహకరించలేదు" అని ఆగిపోయేవారు ఒకరకం. "వాళ్లకు ఆ వారమే వేరే గడువు ఉంది, మా భాగం చూసేందుకు తీరిక లేదు" అని ఎదుటివారి ఇబ్బందిని వివరంగా చెప్పగలిగేవారు ఇంకోరకం. రెండో రకం వారు తమ గీత బయట కూడా చూస్తున్నారని అర్థం.

వానతుంపర

కలుపుగోలుతనం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ కొలబద్దకు బలయ్యేది నాలాంటి వాళ్లం. నేను కొత్తవారితో తడుముకుంటూ మాట్లాడతాను. కానీ నాతో పనిచేసిన వారిని అడిగితే, అడిగిన సాయం ఏనాడూ కాదనలేదని చెబుతారు.

అమెరికాలో లారెన్ రివేరా అనే సమాజశాస్త్రవేత్త పెద్ద న్యాయసంస్థలు, బ్యాంకులు, కన్సల్టింగ్ సంస్థల్లో నియామకాలు చేసే 120 మందితో మాట్లాడి 2012లో ఒక వ్యాసం ప్రచురించారు. వారిలో చాలామంది అభ్యర్థిలో వెతికింది తమ పోలికనే. అవే ఆటలు, అవే సరదాలు, అదే రకమైన పెంపకం. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "మన సంస్కృతికి సరిపోవడం". కొన్నిసార్లు పనితనం కన్నా అదే ఎక్కువ బరువు తూగిందని ఆమె రాశారు.

జట్టుకు సరిపోతారా అని చూసేటప్పుడు "ఈ మనిషితో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చా?" అన్న ప్రశ్న తెలియకుండానే దూరిపోతుంది. కమిటీలో మిగతా ఇద్దరితోనూ ఈ విషయం ముందే మాట్లాడండి. అభ్యర్థి నచ్చారని ఎవరైనా అంటే, ఏ జవాబు వల్ల నచ్చారో చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ నచ్చడాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నాలుగో గది

నేను ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌ఛార్జిని. మా దగ్గర జట్టు అంటే షిఫ్టు మారేటప్పుడు అప్పగింత. మాట సరిగా అందకపోతే రోగికి మందు రెండుసార్లు పడుతుంది, లేదా అసలు పడదు.

అందుకని ఇంటర్వ్యూలో ఒక కాగితం ఇస్తాను. అది అప్పగింత పత్రానికి నమూనా. అందులో మందు పేరు, మోతాదు, వేళ రాసి ఉంటాయి. ఇచ్చినట్టు టిక్ పెట్టే గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. "మీరు ఇప్పుడే డ్యూటీలోకి వచ్చారు, ఏం చేస్తారు?" అని అడుగుతాను. కొందరు ఖాళీని గమనించనే గమనించరు. కొందరు "ఇచ్చి ఉండరు, నేను ఇస్తాను" అంటారు, అది భయంకరమైన జవాబు. కొందరు "ఇలా నిర్లక్ష్యంగా రాసినవారి మీద ఫిర్యాదు చేస్తాను" అని మొదలుపెడతారు. నాకు కావలసినవారు మొదట "రాసినవారు ఇంకా ఇక్కడే ఉన్నారా? ఫోన్ చేయవచ్చా?" అని అడుగుతారు. ముందు రోగి సంగతి తేల్చుకుంటారు, తర్వాత ఆ సహోద్యోగికి గడి ఖాళీగా ఉందని నేరుగా చెబుతారు. ఈ చిన్న కాగితం నాకు చెప్పినంత, అభ్యర్థి తన గురించి చెప్పుకున్న ఏ మాటా చెప్పలేదు.

చుక్కాని గారూ, మీ డ్రాయింగులతో ఇలాంటిది తయారుచేసుకోవడం కష్టం కాదనుకుంటాను.

ఒక హెచ్చరిక కూడా. "గత ఏడాదిలో మీ జట్టులో ఎన్ని పొరపాట్లు జరిగాయి?" అని అడిగి, తక్కువ చెప్పినవారిని మెచ్చుకోకండి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని ఆమె మొదలుపెట్టారు. తీరా చూస్తే మంచి జట్లలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడివారు భయం లేకుండా బయటపెట్టుకోగలిగారు, అదీ కారణం.

కొత్తచిగురు

ఉద్యోగం వెతుక్కుంటున్న వైపు నుంచి ఒక విన్నపం. దయచేసి గ్రూప్ డిస్కషన్ మాత్రం పెట్టకండి. పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక అంశం ఇచ్చి, వెనక కూర్చుని మార్కులు వేస్తారు. లోపలికి వెళ్లే ముందే అందరికీ తెలుసు, ఎంత ఎక్కువ మాట్లాడితే అంత మంచిదని. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. జట్టుగా పనిచేసేవారి కోసం వెతుకుతూ, జట్టును చెడగొట్టే అలవాటుకే మార్కులు వేస్తున్నారు.

అనీటా వూలీ బృందం 2010లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం నేను పదేపదే గుర్తుచేసుకుంటాను. దాదాపు 700 మందిని చిన్న చిన్న గుంపులుగా చేసి రకరకాల పనులు ఇచ్చారు. గుంపులో తెలివైనవారు ఉన్నంత మాత్రాన ఆ గుంపు పెద్దగా రాణించలేదు. ఎదుటివారి మనసు పసిగట్టగలిగేవారు ఉన్న గుంపులు, మాట్లాడే అవకాశం ఒకరిద్దరి చేతిలో చిక్కుకోకుండా అందరికీ అందిన గుంపులు బాగా చేశాయి. ఈ ఫలితాన్ని మన గ్రూప్ డిస్కషన్ల పక్కన పెట్టి చూడండి.

ఇంకొకటి. "ఒక రోజు వచ్చి మా జట్టుతో పనిచేసి చూపించండి" అంటూ నిజమైన పనినే ఉచితంగా చేయించుకునే చోట్లు ఉన్నాయి. అలాంటి పరీక్ష పెడితే దానికి డబ్బు ఇవ్వండి, లేదా గంటలో ముగిసే నమూనా పని ఇవ్వండి.

రాతిమెట్టు

కొత్తచిగురు గారి మాటలతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, డబ్బు విషయంలో మరీ.

కాకపోతే గుంపు పరీక్షలన్నీ పనికిరానివి కావు. 1942లో బ్రిటిష్ సైన్యం అధికారుల ఎంపిక కోసం కొత్త బోర్డులు ఏర్పాటు చేసినప్పుడు, విల్‌ఫ్రెడ్ బయాన్ అనే మనోవైద్యుడు నాయకుడు లేని గుంపు పరీక్షను రూపొందించారు. అభ్యర్థులకు కలిసి చేయాల్సిన పని ఒకటి అప్పగిస్తారు, ఎవరు నడిపించాలో చెప్పరు. ప్రతివాడికీ తాను మెరవాలని ఉంటుంది, కానీ పని పూర్తి కావాలంటే పక్కవాడికి చోటివ్వాలి. ఆ లాగులాటలో మనిషి ఎటు మొగ్గుతాడో చూడటమే ఉద్దేశం. వాదించుకునే అంశం ఇవ్వడానికీ, కలిసి పూర్తిచేయాల్సిన పని ఇవ్వడానికీ చాలా తేడా ఉంది. ఒక్క స్థానానికి ఇంత తతంగం అక్కర్లేదు, నాలుగో గది గారి కాగితం లాంటిది చాలు.

పొద్దుతిరుగుడు

అందరూ స్వభావం చుట్టూనే తిరుగుతున్నారు. పనితనం మాటేమిటి? ఎంత మంచివాడైనా లెక్క తప్పు చేస్తే యంత్రం ఊరుకోదు. నేను నడిపే విభాగంలో ఒకప్పుడు అందరూ ఒకరికొకరు ఎంతో మర్యాదగా ఉండేవారు, గడువుకు ఒక్క పనీ పూర్తయ్యేది కాదు. ముందు పని తెలిసినవారిని తీసుకోండి, మిగతాది దారిలో సర్దుకుంటుంది.

అలల చప్పుడు

పొద్దుతిరుగుడు గారూ, పనితనం ముఖ్యమే. కానీ ఆ పనితనం ఎక్కడ ఉందన్నదే ప్రశ్న. బోరిస్ గ్రోయ్స్‌బర్గ్ అనే పరిశోధకుడు 1988 నుంచి 1996 వరకు 78 సంస్థల్లోని 1,052 మంది పేరున్న షేర్ల విశ్లేషకులను పరిశీలించారు. సంస్థ మారాక వారిలో దాదాపు సగం మంది పనితీరు పడిపోయింది. తమ సహచరులతో కలిసి మారినవారు ఒంటరిగా మారినవారి కన్నా నిలదొక్కుకున్నారు. గుండె శస్త్రచికిత్సల మీద హక్‌మన్, పిసానో 2006లో చేసిన అధ్యయనమూ ఇదే చెబుతుంది. ఒకే సర్జన్ అనేక ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేస్తున్నప్పుడు, ఒకచోట ఎక్కువ చేసినందువల్ల మెరుగైన ఫలితాలు ఆ చోటుకే పరిమితమయ్యాయి, మరోచోటికి వెంట రాలేదు. చేయి అదే, చుట్టూ ఉన్న మనుషులు వేరు.

నేను విమానాల రంగంలో ఉన్నాను కాబట్టి మా రంగం మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ సంస్థకు చెందిన 173వ నంబరు విమానం కూలిపోయింది. చక్రాలు సరిగా దిగాయో లేదో తెలియక, కెప్టెన్ దాదాపు గంటసేపు గాలిలోనే తిప్పుతూ ఆ సమస్య మీదే దృష్టి పెట్టారు. ఇంధనం తగ్గిపోతోందని పక్కనున్నవారికి తెలుసు. చెప్పారు కూడా, కానీ గట్టిగా కాదు. ఆయన చెవికెక్కేలా కాదు. చివరకు ఇంజిన్లు ఆగిపోయాయి. పదిమంది చనిపోయారు. కెప్టెన్‌కు అనుభవం లేక జరిగింది కాదది. ఆ కాక్‌పిట్‌లో ఎవరి పని వారికి బాగా వచ్చు.

ఆ తర్వాత 1979లో నాసా ఈ విషయం మీద ఒక సదస్సు పెట్టింది. 1981లో అదే యునైటెడ్ సంస్థ సిబ్బందికి కొత్త శిక్షణ మొదలుపెట్టింది. చిన్నవారు పెద్దవారికి గట్టిగా ఎలా చెప్పాలి, పెద్దవారు ఎలా వినాలి అన్నదే అందులో ప్రధానం. ఇప్పుడు అది ప్రపంచమంతటా ఉంది. ఇక్కడ నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. కలిసి పనిచేయడం చాలావరకు నేర్పగలిగిన విద్య. అభ్యర్థిలో అది పూర్తిగా పండి ఉండాలని వెతకవద్దు. నేర్చుకునే మనసు ఉందా అని చూడండి. ఇంటర్వ్యూ మధ్యలో ఆయన జవాబులోని ఒక లోపాన్ని మర్యాదగా ఎత్తిచూపి, తర్వాతి పది నిమిషాల్లో ఆ మాటను ఆయన ఎలా వాడుకుంటారో గమనించండి.

గోధూళి

మీరందరూ కొత్తగా వచ్చే మనిషిని జల్లెడ పడుతున్నారు. ఆ మనిషి వచ్చి చేరే చోటును ఎవరూ జల్లెడ పట్టడం లేదు.

నేను పనిచేసిన ఒక సంస్థలో ఏటా ఉద్యోగులను ఒకరి కింద ఒకరిని పేర్చి, అడుగున ఉన్న కొందరికి తక్కువ రేటింగ్ తప్పనిసరిగా ఇచ్చేవారు. పక్కవారికి సాయం చేస్తే నా వరుస కిందికి దిగుతుంది. అక్కడ చేరేటప్పుడు ఎంతో మంచివారిగా ఉన్న మనుషులు రెండో ఏడాదికల్లా తమ ఫైళ్లు దాచుకోవడం కళ్లారా చూశాను. మైక్రోసాఫ్ట్ సంస్థ కూడా ఇలాంటి వరుస పద్ధతినే చాలాకాలం పాటించి, 2013లో ఎత్తేసింది.

చుక్కాని గారూ, ఒక్కటి అడుగుతాను. మీ పాత ఉద్యోగి కొలత మార్చితే చెప్పడానికి మీ దగ్గర ఏదైనా పద్ధతి ఉందా? లేక ఎవరికి వారు గుర్తుపెట్టుకుని చెప్పుకోవాల్సిందేనా?

చుక్కాని

గోధూళి గారూ, పద్ధతి ఉంది. మార్పుల పట్టిక ఒకటి ఉంది, అందులో రాసి, ఆ భాగంతో సంబంధం ఉన్నవారి సంతకం తీసుకోవాలి. ఆయన రాసేవాడు, సంతకాలు మాత్రం నెలాఖరులో ఒకేసారి తీసుకునేవాడు. కానీ మీరు చెప్పిన వరుస పద్ధతి మాట నన్ను ఆలోచనలో పడేసింది. మా దగ్గర కూడా ఎన్ని డ్రాయింగులు పూర్తిచేశారన్న లెక్క మీదే మెచ్చుకోలు ఉంటుంది. పక్కవారి డ్రాయింగు సరిచూసి తప్పు పట్టుకున్నవారి పని ఏ లెక్కలోనూ కనిపించదు. ఇది పైవారితో మాట్లాడాల్సిన విషయం, మాట్లాడతాను.

మరొక సందేహం. పాత యజమానులకు ఫోన్ చేసి విచారించడం వల్ల ఉపయోగం ఉంటుందా? నేను ఫోన్ చేసినప్పుడల్లా "చాలా మంచివాడు" తప్ప ఇంకో మాట వినలేదు.

నిలువుటద్దం

ఉపయోగం ఉంటుంది, అడిగే మనిషిని మార్చితే. పై అధికారికి కనిపించే ముఖం ఒకటి, కింద పనిచేసేవారికి కనిపించే ముఖం ఇంకొకటి. అందుకే నేను అభ్యర్థినే అడుగుతాను, "మీ కింద పనిచేసినవారు ఒకరు, మీతో సమానంగా పనిచేసినవారు ఒకరు, వీరితో మాట్లాడవచ్చా?" అని. అభ్యర్థి అనుమతి లేకుండా, ముఖ్యంగా ఇప్పుడు పనిచేస్తున్న చోటికి, ఫోన్ చేయకూడదు. అది ఒకరి ఉద్యోగంతో ఆడుకోవడమే.

ఫోన్‌లో "మనిషి ఎలాంటివాడు?" అని అడగవద్దు. "ఆయనతో మీకు అభిప్రాయభేదం వచ్చిన సందర్భం ఒకటి గుర్తుందా? అది ఎలా ముగిసింది?" అని అడగండి. "మీ దగ్గర ఎలాంటి పని ఇస్తే ఆయన బాగా చేశారు, ఎలాంటి పనికి తోడు కావాల్సి వచ్చింది?" అని అడగండి. వాళ్లు నిందించాల్సిన పని ఉండదు కాబట్టి మనసు విప్పి చెబుతారు. మౌనం ఎక్కడ పడుతుందో కూడా వినండి.

"జట్టుతో కలిసి పనిచేయగలరా?" అన్న ప్రశ్న ఎందుకు దండగో చెప్పే ఆధారం ఒకటి ఉంది. హౌస్‌మన్, మైనర్ అనే పరిశోధకులు 2015లో 50,000 మందికి పైగా ఉద్యోగుల వివరాలను పరిశీలించారు. దుష్ప్రవర్తన వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవారిలో ముందే కనిపించే లక్షణాలు ఏమిటని చూశారు. నియమాలను ఎల్లవేళలా పాటించి తీరాలని చేరేటప్పటి పరీక్షలో గట్టిగా చెప్పినవారే, తర్వాత నియమాలు మీరి ఉద్యోగం పోగొట్టుకునే అవకాశం ఎక్కువగా ఉన్నవారని తేలింది. జట్టుకు హాని చేసే ఒక మనిషిని రానివ్వకుండా ఆపితే కలిగే లాభం, అత్యంత ప్రతిభావంతుడిని తెచ్చుకుంటే కలిగే లాభానికి రెట్టింపుకు మించి ఉంటుందని కూడా వారి లెక్క. పొద్దుతిరుగుడు గారికి ఈ లెక్క ఆసక్తిగా ఉండవచ్చు.

పొద్దుతిరుగుడు

ఆసక్తిగానే ఉంది. పనితనాన్ని పక్కన పెట్టమని ఎవరూ అనడం లేదని అర్థమైంది. అయినా ఒక మాట మీద నిలబడతాను. పని రాని మనిషిని "మంచివాడు" అని తీసుకుంటే ఆ బరువు జట్టులోని మిగతావారి భుజాల మీద పడుతుంది. అదీ జట్టుకు అన్యాయమే. కాబట్టి పనితనానికి కనీస గీత ఒకటి గీసి, దాన్ని దాటినవారిలోనే స్వభావం చూడండి.

వానతుంపర

ఇది న్యాయమైన మాట. దీనికి ఒకటి కలుపుతాను. ఆఖరి దశలో ఉన్న అభ్యర్థులను కమిటీయే కాక, రోజూ వారి పక్కన కూర్చునేవారిలో ఇద్దరు కూడా కలవాలి. చుక్కాని గారు వర్ణించిన ఓర్పు వాళ్లది. అభ్యర్థి కూడా వాళ్లను ప్రశ్నలు అడిగే వీలు ఉండాలి. వచ్చేవారికీ తాము ఎక్కడికి వస్తున్నారో తెలియాలి కదా.

చుక్కాని

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ చదువుతూ ఒక నమూనా తయారుచేశాను, చూసి లోపాలుంటే చెప్పండి.

అభ్యర్థికి రెండు డ్రాయింగులు ఇస్తాను. ఒకటి మూత, ఒకటి ఆ మూత కూర్చునే పెట్టె. మూతలో రంధ్రాల మధ్య దూరం నిన్న 80 మిల్లీమీటర్ల నుంచి 84కు మారిందని మార్పుల పట్టికలో ఉంటుంది. పెట్టె డ్రాయింగులో ఇంకా 80గానే ఉంటుంది, దాన్ని గీసిన వ్యక్తి పేరు కింద మూలలో ఉంటుంది. అభ్యర్థికి అప్పగించే పని మాత్రం మూత మందాన్ని లెక్కగట్టడం. అంటే రంధ్రాల సంగతి ఆయన పని కాదు. లెక్క ద్వారా పొద్దుతిరుగుడు గారు చెప్పిన కనీస గీత తేలుతుంది. తేడాను గమనిస్తారా, గమనిస్తే తానే మౌనంగా దిద్దేస్తారా, లేక ఆ పెట్టె గీసినవారితో మాట్లాడాలంటారా అన్నది మిగతాది తేలుస్తుంది. తర్వాత రాతిమెట్టు గారి రెండు ప్రశ్నలు. చివర్లో మా జట్టులో ఇద్దరితో అరగంట.

నాలుగో గది

చాలా బాగుంది. ఒక్క మార్పు. తేడాను గమనించకపోయినా అభ్యర్థిని వెంటనే పక్కన పెట్టవద్దు, ఇంటర్వ్యూ కంగారులో కళ్లు జారిపోతాయి. మీరే వేలుపెట్టి చూపించి, "ఇప్పుడు ఏం చేద్దాం?" అని అడగండి. నాకు ఆ తర్వాతి మాటలే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

రాతిమెట్టు

నాలుగో గది గారి మార్పు తప్పకుండా చేర్చండి. దాంతోపాటు, మొదటి అభ్యర్థి లోపలికి రాకముందే ఏ జవాబుకు ఎన్ని మార్కులో కమిటీ ముగ్గురూ కూర్చుని రాసుకోండి. ఉదాహరణకు "తానే మౌనంగా దిద్దేస్తే 2, గీసినవారికి చెప్పి దిద్దితే 4, చెప్పి, మార్పు ఇంకెవరికి తగులుతుందో కూడా అడిగితే 5" అని. అభ్యర్థిని చూశాక రాసుకుంటే, నచ్చిన మనిషికి తగ్గట్టుగా కొలత వంగిపోతుంది. ఆ కాగితం కావాలంటే నా దగ్గరున్న నమూనా పంపగలను.

చుక్కాని

పంపండి. ఈ వారాంతంలో కమిటీతో కూర్చుంటున్నాం, ఆ మార్కుల వివరణతోనే మొదలుపెడతాం.